విసి మానేసిన మాట

గ్రనాదా ఊరివాళ్ళకి మంచి మాట ఒక పట్టాన నోట్లోంచి రాదు. వచ్చినా ఎవరూ నమ్మరనుకోండి. బారులోకి వెళ్ళి "కాఫీ ఉందా?" అని అడిగి చూడండి. "బారు కదా ఇది, చెప్పులు అమ్ముతామనుకున్నావా?" అంటారు. అలా పుల్లవిరిచినట్టు మాట్లాడటానికి ఇక్కడొక పేరు కూడా ఉంది. అది తెలుగులో రాస్తే అచ్చువాళ్ళు కొట్టేస్తారు, అందుకని రాయను. ఇలాంటి ఊళ్ళో, కొండ మీది పాతపేట అల్బైసీన్‌లో, అందరికంటే నోరున్న మనిషి విసితాసియోన్. అంత పేరు పలికే ఓపిక ఎవరికుంది? విసి అంటే చాలు, సందు చివర పడుకున్న కుక్క లేచి వేరే సందు చూసుకునేది.

ప్రతి శనివారం విసి పేట సంఘం తరఫున ఊరు చూడవచ్చినవాళ్ళని వెంటబెట్టుకుని నడిపించేది. కింద దార్రో ఏటి ఒడ్డున మొదలుపెట్టి, ఒకప్పుడు ఊరేలిన మూరుల నాటి స్నానాల ఇల్లు దాటించి, ఎక్కుడు ఎక్కించి, తెల్ల గోడల సందుల్లో తిప్పి, కొండ నెత్తిన వదిలేది. నిజం చెప్పాలంటే చరిత్ర కోసం ఎవరూ వచ్చేవారు కాదు. ఆవిడ పెట్టే చీవాట్ల కోసం వచ్చేవారు. "ఆ చెప్పులేంటమ్మా, పెళ్ళికి బయల్దేరావా? ఇవి గులకరాళ్ళు, మడమ విరిగితే మోసేది నేనా?" అనేది. "ఫోటో తీశావుగా, అది ఇంటికెళ్ళి చూసుకుందువు. ఇప్పుడు కళ్ళు ఖాళీగానే ఉన్నాయిగా, వాటితో చూడు" అనేది. తిట్లు తిన్నవాళ్ళు సంబరంగా కిందకి దిగి, చుట్టాలని పంపించేవారు.

ఆవిడ మాటల్లో "కానీ" లేని మాట ఉండేది కాదు. "అల్హంబ్రా కోట అందమైనదే, కానీ అందులో కాపురం చేసి చూడు, చలికాలం మోకాళ్ళు పట్టేస్తాయి." "పాదిరి మంచివాడే, కానీ ప్రసంగం మొదలుపెడితే దేవుడికి కూడా ఆవలింతలొస్తాయి." "దేవుడు ఉన్నాడు, కానీ తీరిగ్గా ఉన్నాడు." ఇలా.

ఆవిడ మొగుడు కుస్తోదియో వీధుల్లో గులకరాళ్ళు పరిచే మేస్త్రీ. ఏటి రాళ్ళు, తెల్లవి, నల్లవి ఏరుకొచ్చి, ఒక్కొక్కటీ నిలబెట్టి గుచ్చి, గుమ్మాల ముందు పూలూ ఆకులూ తీర్చేవాడు. మాట తక్కువ. పని మానేశాక శనివారాలు పెళ్ళాం వెనకాలే, గుంపుకి చివర, చేతులు వెనక్కి కట్టుకుని నడిచేవాడు. ఊరు చూడవచ్చినవాళ్ళలో ఒకడనుకునేవారు. "అయ్యా, మీరేదేశం?" అని అడిగినవాళ్ళున్నారు. "ఆ నోరున్నావిడ దేశం" అనేవాడాయన.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం కుస్తోదియో భోజనం చేసి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, లేవలేదు. నారింజ వొలుస్తూ వంటింట్లోంచి వచ్చిన విసి ఆయన్ని పిలిచింది, మళ్ళీ పిలిచింది. అంతే, అయిపోయింది. పేటంతా వచ్చింది. వచ్చినవాళ్ళందరూ ఒకే మాట: "పుణ్యాత్ముడు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడు." పాదిరి కూడా అదే అన్నాడు. "అవును" అంది విసి. మట్టి వేశారు, "అవును" అంది. ఇంటికి తీసుకొచ్చారు, సూపు తాగమన్నారు, తాగింది. ఏడవలేదు.

ఆ రోజు నుంచి విసి "కానీ" అనే మాట మానేసింది. ఇది స్పానిష్ భాషలో చెప్పడం కష్టం గానీ తెలుగులో చెప్పడం తేలిక. మనకి "కానీ"లు రెండున్నాయి. ఒకటి అడ్డం తిరిగేది: బాగుంది, కానీ. రెండోది వదిలేసేది: కానీ, నీ ఇష్టం, కానీ. విసి మొదటి దాన్ని మొగుడితోపాటు పూడ్చేసి, రెండో దాన్ని పట్టుకుంది. ఏది చెప్పినా సరే. ఏది పెట్టినా బాగుంది.

పక్కింటి రెమే అనే దర్జీ ఆవిడ ముందు నమ్మలేదు. దుఃఖంలో ఉంది, నాలుగు రోజులు పోతే నోరు తనే లేస్తుందిలే అనుకుంది. లేవకపోయేసరికి ఒకరోజు కావాలనే పప్పుల కూరలో గుప్పెడు ఉప్పు ఎక్కువేసి తీసుకెళ్ళింది. విసి గిన్నె ఖాళీ చేసి, కడిగి, తిరిగిచ్చింది. "బాగుందే రెమే" అంది. రెమే గుమ్మం దాటగానే నుదుటి మీద, గుండె మీద శిలువ గుర్తు వేసుకుంది. బారు నడిపే బ్రౌలియో దగ్గరికి పోయి, "మనిషి పోయిందిరా, ఒళ్ళు మాత్రం తిరుగుతోంది" అని చెప్పింది. బ్రౌలియో తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాడు. కుస్తోదియోతో రోజూ డామినోలు ఆడిన మనిషి అతను. అప్పట్నుంచీ అతనూ ముభావంగానే ఉన్నాడు.

కూతురి పేరు లోరెతో. కింద కొత్త ఊళ్ళో, ఎత్తు మేడల్లో ఉంటుంది. రోజూ ఫోను చేసేది. ముందు "ఏం తిన్నావమ్మా" దగ్గర మొదలయ్యేది. తర్వాత తల్లికి చిరాకు తెప్పించే మాటలు వెతికేది. "అమ్మా, నీ కుచ్చుల శాలువ ఎవరికైనా ఇచ్చేద్దామా?" "ఇచ్చెయ్." "అమ్మా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా." "నీకెలా తోస్తే అలా." ఆఖరికి లోరెతో అసలు మాటే అంది: "అమ్మా, నువ్వక్కడ ఒక్కదానివీ ఉండొద్దు. నా దగ్గరికొచ్చెయ్. ఇల్లు ఒకాయన అడుగుతున్నాడు, ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళకి అద్దెకిస్తాడట. సోమవారం తాళాలు ఇచ్చేద్దామా?"

"కానీ" అంది విసి. రెండో కానీ.

ఆ ఇల్లు విసి పుట్టిన ఇల్లు. ఆవిడ అమ్మమ్మ పుట్టిన ఇల్లు. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాస్తే అల్హంబ్రా అందుతుందా అన్నట్టుంటుంది. పేటలో ఇప్పటికే సగం గుమ్మాలకి అంకెల తాళాలు పడ్డాయి, చక్రాల పెట్టెలు గులకరాళ్ళ మీద టకటకలాడుతూ వారం వారం మారుతుంటాయి. విసి ఒక్క "కానీ" అంటే చాలు, పేటంతా వెనక నిలబడి గొడవ చేసేది. కానీ ఇంటావిడ నోరు మెదపకపోతే పొరుగువాళ్ళు ఏమంటారు? అంటే పెత్తనం అవుతుంది. ఇలా అందరూ గుటకలు మింగుతూ ఉండగానే తాళాలిచ్చే సోమవారం దగ్గరికొచ్చేసింది. దాని ముందు శనివారం మే మూడు, శిలువ పండుగ.

శిలువ పండుగకి వీధి వీధికీ ఎర్ర కార్నేషన్ పూలతో శిలువ నిలబెడతారు. చుట్టూ ఇళ్ళల్లోంచి రాగి బిందెలు, నీలం పూల మట్టి పళ్ళేలు, అమ్మమ్మల శాలువలు, తీగ తెగిన గిటారు, ఏదుంటే అది తెచ్చి అలంకరిస్తారు. పాదాల దగ్గర మాత్రం తప్పనిసరిగా ఒక ఆపిలు పండు, దానికి గుచ్చిన కత్తెర ఉండాలి. ఆ రకం ఆపిలుని ఇక్కడ పెరో అంటారు. "కానీ" అనడానికి కూడా వీళ్ళ భాషలో పెరో అనే అంటారు. "శిలువ బాగుంది, కానీ పూలు వాడాయి." "బాగుంది, కానీ పక్కవీధిది చూశావా?" అనే నోళ్ళుంటాయి కదా, ఆ నోళ్ళకి ముందే కత్తెర పడుతుందన్నమాట. మన దగ్గర కొత్త ఇంటికి గుమ్మడికాయ కట్టినట్టే. కాకపోతే మనం కళ్ళకి భయపడతాం, వీళ్ళు నోళ్ళకి భయపడతారు.

వీళ్ళ కూడలిలో ఏటా కత్తెర గుచ్చేది విసే. పేటలో అందరికంటే ఎక్కువ వంకలు పెట్టే మనిషికే ఆ పని అప్పజెప్పడం, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు, వాళ్ళకో సరదా. ఈసారి కూడా రెమే పొద్దున్నే పిలిచి, తన కుట్టుకత్తెర, ఎర్రటి పెరో చేతిలో పెట్టింది. ఆశగా మొహంలోకి చూసింది. విసి వంగి, గుచ్చి, లేచింది. "అయిందా?" అంది. "అయింది" అంది రెమే నీరసంగా. విసి గుంపుని తీసుకురావడానికి కిందకి దిగిపోయింది.

ఆ రోజు గుప్పెడు మందే వచ్చారు. అందులో బుర్గోస్ నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఆయన టోపీ సర్దుకుని ముందుకొచ్చి, "తిట్టే గైడు మీరేనా అమ్మా? మా బావమరిది మరీ మరీ చెప్పి పంపాడు" అన్నాడు.

"నేనే. రండి."

ఆయన కాలు ఎత్తి బూటు అడుగు చూపించాడు. అద్దంలా నున్నగా ఉంది. "ఇవేసుకుని రావచ్చా?"

"రావచ్చు."

ఆయన పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ భుజాలెగరేసింది.

నడిచారు. స్నానాల ఇంట్లో పైకప్పుకి చుక్కల ఆకారంలో కన్నాలుంటాయి, వాటిలోంచి ఎండ నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. విసి వాటిని తొక్కుకుంటూ అవతలికి పోయింది. ఏటి పక్క బాటకి దుఃఖితుల బాట అని పేరు, శవాలు ఆ దారినే పోయేవి కాబట్టి. ఇదివరకైతే అక్కడ నిలబడి, "వచ్చేటప్పుడు ఏడ్చుకుంటూ వచ్చేవారు, పోయేటప్పుడు తాగుతూ పోయేవారు, బారులన్నీ ఇక్కడే ఎందుకున్నాయనుకున్నారు?" అనేది. ఇప్పుడు "దీన్ని దుఃఖితుల బాట అంటారు" అంది, ఊరుకుంది. చపీస్ ఎక్కుడు ఎక్కారు. సాన్ నికోలాస్ అరుగు మీద జనం, గిటార్లు, ఎదురుగా అల్హంబ్రా, వెనక మంచుకొండ. "ఎక్కడ నిలబడితే బాగుంటుందండీ?" అని ఒకమ్మాయి అడిగింది. "ఎక్కడైనా" అంది విసి.

ఆవిడకి బాధగా ఏమీ లేదు, అదే విచిత్రం. కాళ్ళు నడుస్తున్నాయి, నోరు చెబుతోంది. తను మాత్రం ఎక్కడో కింద మలుపులో వెనకబడిపోయినట్టుంది. వెనకబడినదాని కోసం ఒక్క క్షణం ఆగుదామని కూడా అనిపించలేదు. సోమవారం తాళాలివ్వాలని గుర్తుంది. అది ఎవరి ఇంటి సంగతో అయినట్టు గుర్తుంది.

తూకాల కమాను దగ్గర, పాతకాలం దొంగవర్తకుల దగ్గర లాక్కున్న తూకం రాళ్ళు గోడకి మేకులు కొట్టి ఉంటాయి. "నిజంగా దొంగ తూకాలేనా?" అని బుర్గోస్ ఆయన ఆఖరి ప్రయత్నం చేశాడు. "అలా అంటారు" అంది విసి. ఆయన ఆశ వదిలేసుకున్నాడు.

అక్కణ్ణుంచి సొంత కూడలికి వచ్చేసరికి బుర్గోస్ ఆవిడ మొహం సున్నం కొట్టినట్టయింది. మెట్ల మీద కూలబడింది, చేతులు వణుకుతున్నాయి. "ఒంట్లో చక్కెర పడిపోయింది దీనికి. మిఠాయిలు హోటల్లో మర్చిపోయాం. ఏదైనా తీపి ఉందా?" అని మొగుడు కంగారుపడ్డాడు. కూడలిలో ఎవరూ లేరు. అందరూ బ్రౌలియో బారులో పండుగ తిండి సర్దుతున్నారు. పచ్చి చిక్కుడు గింజలు, ఉప్పుచేప, ఉప్పు రొట్టెలు. విసి అటూ ఇటూ చూసింది. కంటికి కనపడింది పెరో. వంగి తీసింది, కత్తెర లాగింది, ఆ కత్తెరతోనే రెండు ముక్కలు చేసి, ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ కరకరా నమిలింది. కాసేపటికి మొహంలోకి రంగొచ్చింది.

"ఎంత తియ్యగా ఉందమ్మా."

"మంచిది" అంది విసి.

పళ్ళెం పట్టుకుని బయటకొచ్చిన రెమే శిలువ పాదాల దగ్గర చూసి కెవ్వుమంది. "అయ్యో అయ్యో! పెరో ఏదే?"

"తినేశారు."

"ఎవరు తిన్నారే?"

"ఆవిడ."

బుర్గోస్ ఆవిడ చేతిలో గింజలూ తొడిమా మిగిలాయి. "నేనేం చేశానమ్మా?" అంది బెదిరిపోయి.

"మీరేం చెయ్యలేదు తల్లీ, మా కొంప ముంచారంతే!"

రెమే కేకకి అందరూ బయటకొచ్చారు. పండుగ రోజు, కొట్లన్నీ మూసేశారు. ఇంకో పెరో ఎక్కణ్ణుంచి వస్తుంది? బ్రౌలియో బారులోంచి పరుగున ఒక ఉల్లిపాయ తెచ్చాడు. "ఉల్లిపాయకి ఎవడు జడుస్తాడురా వెర్రినాగన్నా!" అని రెమే దాన్ని విసిరేసింది. ఈలోగా సందు మలుపులో శిలువల పోటీకి మార్కులేసేవాళ్ళు రానే వచ్చారు. ఇద్దరు మగవాళ్ళు, ఒక పొడుగాటావిడ. శిలువ చుట్టూ తిరిగారు. పళ్ళేలు చూశారు, తలలూపారు.

"చాలా బాగుంది" అంది పొడుగాటావిడ. కూడలంతా ఊపిరి బిగబట్టింది. "కానీ, ఆ శాలువ కాస్త ఒరిగినట్టుంది కదూ?"

అంతే. వాళ్ళు దండం పెట్టి వెళ్ళారో లేదో, ఇక్కడ మొదలైంది. "శాలువ ఒరిగిందని నేను చెప్పానా లేదా?" "చెప్పావు, కానీ నీ రాగి బిందెకి చిలుము పట్టింది, అది చెప్పావా?" "బిందె సరే, కానీ పూలకి డబ్బులివ్వమంటే ఎవరే తలుపేసుకున్నది?" ఏడాదంతా నాలిక చివర నిలిపి ఉంచుకున్నవన్నీ బయటపడ్డాయి. అత్తలమీదికీ, గోడలమీదికీ, ఎప్పుడో చచ్చిన పిల్లిమీదికీ పోయింది గొడవ. బుర్గోస్ ఆయన మొహం మొదటిసారి వెలిగింది. విసి మాత్రం కత్తెర చేత్తో పట్టుకుని, వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డట్టు నిలబడింది.

అప్పుడు బ్రౌలియో చేతులు ఏప్రానుకి తుడుచుకుని ముందుకొచ్చాడు. మామూలుగా అతని గొంతు బారు బల్ల దాటి వినపడదు.

"అందరూ అంటున్నారు కాబట్టి నేనూ ఒకటంటాను. ఇవాళ కత్తెర లేదుగా" అన్నాడు. "కుస్తోదియో మంచివాడే. కానీ..."

గొడవ ఠక్కున ఆగిపోయింది.

"నోర్ముయ్ బ్రౌలియో" అంది రెమే నెమ్మదిగా. "పోయినవాణ్ణి అనకూడదు."

"అంటాను. మంచివాడే, కానీ నా నెత్తిన మూట పెట్టి పోయాడు. నేను మొయ్యలేకపోతున్నాను." విసి వైపు తిరిగాడు. మొహం చూడలేక చేతిలోని కత్తెరని చూస్తూ చెప్పాడు. "క్రిస్మస్ నుంచే వాడికి గుండె పట్టేసేది విసీ. ఎక్కుడు ఎక్కుతుంటే. డాక్టరు దగ్గరికి పదరా అంటే వినలేదు. విసికి చెప్పకు, చెబితే ఇంట్లో కట్టి పడేస్తుంది, శనివారాలు దాని వెనక నడవనివ్వదు, అదొక్కటేరా నాకున్న సరదా అన్నాడు. ఒట్టు పెట్టించుకున్నాడు. నేను చెప్పలేదు."

విసి కత్తెర మెట్టు మీద పెట్టింది.

"నీకు చెప్పాడు."

"చెప్పాడు."

"నాకు చెప్పలేదు." గొంతు ఇంకా ఎవరిదో అయినట్టే ఉంది. "మలుపు మలుపుకీ ఆగేవాడు. వంగి రాళ్ళు చూసేవాడు, తను పరిచినవే. ఊడాయేమో చూస్తున్నానే అనేవాడు. నేనేమన్నానో తెలుసా? రాళ్ళకి కాళ్ళొచ్చి పారిపోతాయా, నడు అన్నాను. అందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నడిచాడు." ఊపిరి తీసుకుంది. "పోయాక తెలిసింది నాకు, ఎందుకాగాడో. కుర్చీలో అలా చూడగానే తెలిసింది. నా నోటికి జడిసే చెప్పలేదనుకున్నాను. అందుకే కట్టేశాను దీన్ని."

"నీ నోటికి జడిసేవాడా!" అంది రెమే, కళ్ళ నీళ్ళతోనే. "జడిసేవాడైతే పెళ్ళిరోజే చర్చి వెనక కిటికీలోంచి దూకి పోయేవాడు. ఆ నోరు వినడానికేగా గుండె పట్టుకుని కొండెక్కాడు!"

విసి మొహంలో ఏదో కదిలింది. ముందు చెంపలు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ.

"మంచివాడే" అంది. "మంచివాడే, కానీ..." గొంతు పైకి లేచింది. "ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా పోయాడని అన్నారు మీరంతా! పాదిరి అన్నాడు, నువ్వన్నావు, బుద్ధిలేకుండా నేనూ అవునన్నాను! నన్ను పెట్టాలి ఇబ్బంది! నన్ను కాక ఇంకెవర్ని పెడతాడు? మందులు తెచ్చేదాన్ని, తిట్టేదాన్ని, రాత్రంతా కూర్చునేదాన్ని, విసుక్కునేదాన్ని! ఇంకెందుకే నేనున్నది? అతిథినా ఆ ఇంట్లో? ఏమీ చెయ్యనివ్వకుండా, నారింజ వొలుచుకుంటుంటే పోతాడా!" బ్రౌలియో మీదికి తిరిగింది. "నువ్వు! ద్రాక్షసారాలో నీళ్ళు కలుపుతావని తెలుసు, పోనీలే అని తాగాం. స్నేహంలో కూడా కలుపుతావటరా? ఒట్టంట ఒట్టు! చచ్చేవాడి ఒట్టు నిలబెట్టడానికి నువ్వేమన్నా సెయింటువా? గాడిద కొడకా, ఒక్క మాట నా చెవిన వేస్తే నీ నాలిక అరిగిపోయేదా?"

బ్రౌలియో తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. ఒక్కొక్క తిట్టుకీ అతని భుజాలు కాస్త కిందకి దిగాయి, బరువు దింపుకున్నట్టే. రెమే పళ్ళెం నేల మీద పెట్టేసి, దేవుడికి మొక్కుకుంది. వెనకాల గుమ్మాల్లో ఆడవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే కింది సందులోంచి లోరెతో వస్తోంది. సామాను సర్దడానికి మడత పెట్టిన అట్టపెట్టెలు చంకలో ఉన్నాయి. తల్లి గొంతు విని మలుపులో ఆగిపోయింది. తర్వాత పరుగెత్తింది. మెట్లెక్కి రొప్పుతూ నిలబడ్డ కూతుర్ని విసి చూసింది, చంకలో పెట్టెల్ని చూసింది.

"ఏంటే అవి?"

"పెట్టెలమ్మా. సోమవారం..."

"సోమవారం లేదు, మంగళవారం లేదు! మా అమ్మమ్మ ఇంట్లో ఎవడో వచ్చి, నా మంచం మీద పడుకుని, నా కిటికీలోంచి చూసి, నా మూకుట్లో గుడ్లు వేపుకుంటాడా? నేను సరే అంటే మాత్రం? తల్లికి మతిపోతే కూతురికి ఉండక్కర్లేదా? నీ కొంపలో నేనెలా ఉంటానే? కిటికీ తీస్తే పక్కవాడు పళ్ళు తోముకోవడం కనిపిస్తుంది! మీ నాన్న పరిచిన గుమ్మం అది. దాని మీద చక్రాల పెట్టెలు ఈడ్పిస్తావా? నోరు తెరిచి చెప్పు!"

లోరెతో చంకలోంచి అట్టపెట్టెలు జారిపోయాయి. మెట్టు మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది.

విసి హడలిపోయింది. చెయ్యి నోటి దగ్గరికి పోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ ఈ నోరే చేసింది అనుకుంది. "ఏడవకే. ఏదో అన్నాన్లే. నీకెలా తోస్తే అలాగే..."

"వద్దమ్మా!" లోరెతో తల్లి పావడా అంచు పట్టుకుంది. "ఆ మాట అనకు. నీకు దండం పెడతాను, ఇంకెప్పుడూ సరే అనకు. తిట్టు. ఇంకా తిట్టు. ఫిబ్రవరిలో మీ ఇద్దర్నీ పూడ్చేశామనుకున్నానమ్మా. ఫోనులో ఎవరో మాట్లాడుతున్నారు, నువ్వు కాదు. ఇల్లు నాకెందుకు? కనీసం నువ్వు కళ్ళముందైనా ఉంటావని అన్నాను. నువ్వు ఒక్కసారి కుదరదంటావేమోనని రోజూ ఎదురుచూశాను."

విసి కూతురి నెత్తి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఏం చెయ్యాలో తెలియక కాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత మెల్లగా పక్కనే మెట్టు మీద కూర్చుంది. బుర్గోస్ ముసలాయన టోపీ తీసేశాడు. రెమే గుంపునంతా బారులోకి తోలింది, "తిండి తినండి, ఇక్కడ చూసేదేం లేదు" అంటూ.

కూడలి ఖాళీ అయింది. విసి అప్పుడు ఏడ్చింది. మొగుడి పేరు పెట్టి పిలిచి, ఆయన్ని తిడుతూ, గొంతెత్తి ఏడ్చింది.